కవరు మీద టైము

ప్రియమైన నా బంగారు తల్లికి,

మీ నాన్న కోటి ఆశీస్సులతో, కాదు, రెండు కోట్ల ఆశీస్సులతో రాస్తున్నది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న టైలరమ్మ నన్ను తిట్టింది తల్లీ!

నిజం. రెండో అంతస్తు టైలరమ్మే, మీ అమ్మ స్నేహితురాలు. ఏడేళ్ళుగా మెట్ల మీద ఎదురైతే గోడ వైపు తిరిగి నిలబడేది. అలాంటి మనిషి నిన్న నా ముఖం మీదకి వేలు చూపించి, "ఓయ్ బందు తాతా, నీకు చెవుడే కాదు, సిగ్గు కూడా లేదా?" అని అరిచింది. ఒక్క అక్షరం పోకుండా వినబడింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇన్నాళ్ళూ గోడకి దక్కిన ముఖం నాకు దక్కింది.

సంగతేమిటంటే, మన బిల్డింగు వెనక వాల్వుల యార్డు ఉంది కదా, నేను ముప్పై ఏళ్ళు వీధి వీధికీ నీళ్ళు వదిలి, టైమయ్యాక బందు చేసి, ఆ పేరు తెచ్చుకున్న చోటు. ఇంటింటికీ కొత్త పైపులు వచ్చాక నన్నూ, ఆ వాల్వుల్నీ ఒకేసారి పక్కన పెట్టేశారు. యార్డు చెత్తకుప్ప అయింది. ఇప్పుడు బిల్డింగులో వాళ్ళంతా కలిసి ఆ చెత్త ఎత్తి తోట వేస్తున్నారు. ఇంటికో మడి. లెక్కల మాస్టారు తాడు పట్టి కొలిచి మేకులు కొట్టారు. కాగితం మీద చూస్తే పదమూడు మడులే ఉన్నాయి. నాది లేదు. నేను ఊరికే అక్కడే నిలబడ్డాను. మాస్టారికి నేనంటే గిట్టదు, అయినా పాపం లెక్క తప్పితే ఆయనకి అన్నం సయించదు. "ఇళ్ళు పద్నాలుగు, మడులు పదమూడు. ఇదేం లెక్క?" అని ఆయనే మళ్ళీ తాడు తీశారు. టైలరమ్మ అరిచింది అప్పుడే.

చివరికి మూల మడి నాకిచ్చారు. ఒక్కటే షరతు. నేను కుళాయి ముట్టకూడదు. నా మడికి నీళ్ళు వంతులవారీగా వాళ్ళే పోస్తారట. సెలూనాయన రేకు మీద ఎర్ర రంగుతో రాసి కుళాయికి తగిలించాడు, "బందు తాత ముట్టరాదు" అని. అక్షరాలు గుండ్రంగా ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఈ ఊళ్ళో నా మీద ఇంకెవరైనా బోర్డు రాయించారా చెప్పు?

నేను గుమ్మడి గింజలు పెట్టాను. ఫోనులో చెబుదామంటే, పంపుల పక్కన పాడైన చెవులకి ఫోను పనికిరాదు. అడ్రసు మారిందని నువ్వు వేసిన కార్డు చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. రెండే వాక్యాలు, అయినా నీ చేతి రాతే కదా.

మొదటి కాయ కోసే రోజుకి నువ్వు రావాలి తల్లీ. వస్తావు కదూ?

నీ రాకకి ఇప్పటి నుంచే గుమ్మం చూస్తున్న
మీ నాన్న


నాన్నకి,

ఉత్తరం అందింది. నేను కార్డు వేసింది నీకేమైనా అయితే కబురు ఎక్కడికి పంపాలో బిల్డింగు వాళ్ళకి తెలియాలని. జేబులో పెట్టుకుని తిరగడానికి కాదు.

ఆస్పత్రి లాండ్రీలో పని చేస్తున్నాను. రోజూ దుప్పట్లు, తువ్వాళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు. ఇక్కడ ఎవరూ కట్టెయ్యరు.

టైలరమ్మ తిట్టిందని రాశావు. తిట్టాల్సినవి ఇంకా మిగిలి ఉంటాయి. మీ తోట సంగతి నాకు అక్కర్లేదు. అమ్మ జారిపడి ప్రాణం పోయిన ఆ మెట్లు నేను ఎక్కను.

ఒక్కటే అడుగుతాను. ఆ రోజు మన వీధి నీళ్ళు ఎన్నింటికి ఆగాయి? ఎందుకు ఆగాయి? అది రాయి. రావడం, మానడం సంగతి తర్వాత.

నీ కూతురు


ప్రియాతిప్రియమైన నా చిట్టితల్లికి,

వచ్చింది, వచ్చింది, నీ ఉత్తరం వచ్చింది! ఎన్నిసార్లు చదివానో. "నీ కూతురు" అని రాశావు చూడు, ఆ రెండు మాటల దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను. పోస్టు తెచ్చిన మనిషిని ఆపి టీ తాగితే గానీ కదలనివ్వలేదు.

నువ్వడిగిన దానికి ఆ రోజే చెప్పాను కదా తల్లీ, పైన ట్యాంకులోనే నీళ్ళు తగ్గాయని. ఏడుకి వదిలితే ఏడున్నరకి ఆగాలి, ఆ రోజు కాస్త ముందే ఆగింది. మన చేతిలో లేనిది మనమేం చేస్తాం. ఆ సంగతి వదిలెయ్యి.

ఇక్కడి విశేషాలు వింటే నువ్వు నవ్వుతావు. పద్నాలుగు మడులు, పద్నాలుగు యుద్ధాలు! మాస్టారి చిక్కుడు పందిరి టైలరమ్మ టమాటాల మీద నీడ వేసింది. "మీ పందిరికి కొలతలున్నాయి, మీకు బుద్ధి లేదు" అందావిడ. "నీడ ఎంత పడుతుందో లెక్క కట్టే వేశానమ్మా, పొద్దున పదకొండు వరకే" అన్నారాయన. సెలూనాయన ఎరువుకి మంచిదని షాపులో ఊడ్చిన జుట్టు తెచ్చి మట్టిలో కలిపాడు. గాలికి అది ఎగిరింది. టైలరమ్మ ఒక టమాటా మొక్క మీంచి తెల్ల వెంట్రుక తీసి పైకెత్తి, "ఇది ఎవరిదో వాళ్ళు వచ్చి తీసుకుపోండి" అని యార్డంతా తిప్పింది. పాపం మాస్టారు టోపీ సర్దుకున్నారు.

ఆవిడ షాపులో మిగిలిన గుడ్డ పీలికలతో మొక్కల్ని పుల్లలకి కడుతుంది. ఎరుపు, పసుపు, పూల గుడ్డ, గీతల గుడ్డ. అందరికీ తలో గుప్పెడు ఇచ్చింది. నాకివ్వలేదు. కానీ ఒక పీలిక నా మడిలోకి ఎగిరి వచ్చింది. నీలం రంగుది. దాచుకున్నాను.

నా గుమ్మడితీగ ఎంత పోకిరీదంటే, గట్టు దాటి ఆవిడ మడిలోకి మూరెడు పోయింది. ఆవిడ కత్తెర తెచ్చి, బట్ట కత్తిరించినట్టు నిటారుగా, ఒక్క దెబ్బకి కోసి, ముక్క నా వైపు విసిరింది. "నీ హద్దు నీకు తెలియదు, నీ తీగకేం తెలుస్తుంది" అంది. ఆవిడ వంతు రోజు నా మడికి చెంబెడు నీళ్ళే పడతాయి. పోనీలే, చెంబెడైనా పోసిందంటే నేనున్నానని గుర్తుందన్నమాటే కదా.

మొన్న పిందె కనబడింది తల్లీ! నిమ్మకాయంత. దాని కింద ఎండుటాకులు పరిచాను. నువ్వు వచ్చేసరికి నీ తలంత అవుతుంది. మెట్లు ఎక్కవద్దులే, తోటలోకి వీధి వైపు నుంచి దారి ఉంది.

ఆనందంతో నిద్ర పట్టని
మీ నాన్న


నాన్నకి,

ట్యాంకులో నీళ్ళు తగ్గాయన్న మాట ఏడేళ్ళ కింద విన్నాను. మళ్ళీ అదే రాసి పంపడం స్టాంపు దండగ.

నేను నవ్వలేదు. నీ ఉత్తరంలో ఊరందరి మొక్కలూ ఉన్నాయి, అమ్మ లేదు. కుళాయి దగ్గర వరసలో అమ్మ ఎప్పుడూ ఆఖరున నిలబడేది. నీళ్ళు వదిలే మనిషి పెళ్ళాం ముందు పట్టుకుంటే జనం ఏమంటారని నువ్వే నిలబెట్టావు. జనం అనేది ఎలాగూ అన్నారు. మోసింది మాత్రం అమ్మ, మూడు అంతస్తులు.

ఇకమీదట నాకు రాసేటప్పుడు, ఆ రోజు నీళ్ళు ఆగిన టైము కవరు మీద రాయి. అడ్రసు కింద. గంట, నిమిషాలతో. కవరు మీద టైము లేకపోతే విప్పను. వచ్చింది వచ్చినట్టే తిప్పి పంపుతాను.

నీ గుమ్మడికాయ నా తలంత అయినా, బండంత అయినా నాకు ఒకటే.

నేను


ప్రియమైన చిట్టితల్లికి,

టైము సరిగ్గా గుర్తుంటే రాయనా తల్లీ. ముసలాణ్ణి. ఏ పూట మందు ఆ పూట మర్చిపోతున్నాను. నా మీద దయ ఉంచి ఈ కవరు విప్పు.

తోట బాగోలేదు. ఆకులు పసుపెక్కి తలలు వాలేస్తున్నాయి. మొక్క వాడింది అంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? నీళ్ళు పొయ్యలేదు అనిపిస్తుంది. మాస్టారు తన వంతు ఎగ్గొట్టారని టైలరమ్మ. ఆవిడే ఎగ్గొట్టిందని సెలూనాయన. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక, వంతు ఎవరిదైనా సరే, ప్రతివాళ్ళూ ఎవరూ చూడనప్పుడు వచ్చి ఇంకో బకెట్టు పోసిపోతున్నారు. నేను కిటికీలోంచి లెక్కపెట్టాను. నిన్న ఒక్కరోజే ఒక్కో మడికి తొమ్మిది బకెట్లు! మట్టి బురదయి పులుపు వాసన కొడుతోంది. మొక్కలు ఎండి చావడం లేదు తల్లీ, మునిగి చస్తున్నాయి. నీళ్ళతో బతికినవాణ్ణి, ఆ వాసన నాకు తెలుసు.

కానీ చెప్పడం ఎలా? ఈ నోటితో, ఈ జనానికి, నీళ్ళు ఆపండి అని ఎలా చెప్పను?

నిన్న టైలరమ్మ "కుళాయి ఎవరు తిప్పారు?" అని అరిచింది. నేను ముట్టలేదు. అయినా నా చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట" అని నా గుమ్మడిపాదు చూపించి మరీ అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కాయ పిడికిలంత అయింది. రావాలి నువ్వు.

మీ నాన్న


తల్లీ,

కవరు మీద రాశాను. చూసే ఉంటావు. ఏడూ పద్దెనిమిది.

కిందటి ఉత్తరం విప్పకుండా తిరిగొచ్చింది. దాన్ని కూడా ఇందులో పెట్టాను, చదివితే చదువు. అది చేతికి వచ్చిన రోజే ఇదంతా జరిగింది.

మిట్టమధ్యాహ్నం. అందరూ లోపలున్నారు. నా మంచం కింద వాల్వులు తిప్పే పాత కడ్డీ ఉంది. పని పోయినా దాన్ని నేను వదల్లేదు. తోట కుళాయికి నీళ్ళు వచ్చేది ఆ పాత లైనులోంచే. వాల్వు గుంత నా మడి పక్కనే, గుమ్మడి ఆకుల కింద. ఎవరికీ చెప్పకుండా ఒక్కసారి బిగిస్తే, పది రోజుల్లో మట్టి ఆరుతుంది, మొక్కలు తేరుకుంటాయి. కుళాయి రాకపోతే పైన నీళ్ళు లేవనుకుంటారు. అలా అనుకున్నాను. ఈ ఆలోచన ఇంతకు ముందు కూడా చేశానని అప్పుడు తట్టలేదు.

మూత ఎత్తాను. కడ్డీ దించాను. చేతికి ఆ పట్టు ఎంత అలవాటో! సగం తిప్పానో లేదో గుంతలో నీడ పడింది. అడుగుల చప్పుడు నాకెలాగూ వినబడదు. తలెత్తితే టైలరమ్మ.

"మళ్ళీనా?" అంది.

"మొక్కలు చస్తున్నాయమ్మా. నీళ్ళు ఎక్కువై చస్తున్నాయి. పది రోజులు ఆపితే..."

"రండర్రా, రండి! బందు తాత కొత్త వైద్యం కనిపెట్టాడు, నీళ్ళు కట్టేస్తే మొక్కలు బతుకుతాయట!"

అందరూ దిగి వచ్చారు. సెలూనాయన నా చేతిలోంచి కడ్డీ లాక్కున్నాడు. ఒకావిడ, ఈ ముసలాడు చచ్చేటప్పుడు కూడా గొంతులో నీళ్ళు కట్టేసుకునే పోతాడు అంది. ఏం చెప్పినా వినడం లేదు. అప్పుడు నా గుమ్మడిపాదు మొదలు పట్టుకుని పీకేశాను తల్లీ. కాయతో సహా. వేళ్ళు చూపించాను. నల్లగా, మెత్తగా, వేలితో నొక్కితే చితికిపోయేట్టు ఉన్నాయి. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఒక్క మొక్కతో రుజువు కాదు" అన్నారు. ఇంకో మొక్క నా దగ్గర లేదు కదా.

టైలరమ్మ వంగి ఆ వేళ్ళు తన వేలితో నొక్కి చూసింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి అడిగింది, అరవకుండా. "అన్నయ్యా, ఒక్క మాటకి నిజం చెప్పు. వదిన పడిపోయిన రోజు నీళ్ళు వాటంతటవే ఆగాయా, నువ్వు కట్టేశావా? అది నిజం చెబితే ఇదీ నమ్ముతాను."

ఏడేళ్ళ తర్వాత అన్నయ్యా అంది. ఆ పిలుపు విన్నాక ట్యాంకు మాట నోటికి రాలేదు.

నేనే కట్టేశాను.

ఆ పొద్దున వీధిలో అందరి ముందూ టైలరమ్మ నన్ను దొంగ అంది. మీ ఇంటికి చాటుగా నీళ్ళు పెట్టుకుంటావు అంది. ముప్పై ఏళ్ళు ఒక్క చెంబు ఎక్కువ పట్టలేదు నేను, మీ అమ్మని ఆఖరున నిలబెట్టి మరీ. ఒళ్ళు మండింది. చూడండి ఇప్పుడు, అనుకుని పన్నెండు నిమిషాల ముందే బిగించేశాను. ఆఖరున నిలబడింది మీ అమ్మేనని కోపంలో గుర్తు రాలేదు. రెండో బిందె సగం కూడా నిండలేదు. అది పట్టుకుని పక్క వీధి కుళాయికి పోయింది. అక్కడి నుంచి మోసుకొస్తూ, ఆలస్యమైందని తొందరగా మెట్లెక్కుతూ... మిగతాది నీకు తెలుసు. తెలియనిది ఇదొక్కటే. దాన్ని ట్యాంకు మీద పెట్టేశాను.

అంతా విని టైలరమ్మ, "నేను తిట్టబట్టే కట్టేశానని అంటావేమో. అది నా మీద పెట్టకు" అంది.

"పెట్టను. వాల్వు నీ చేతిలో లేదు" అన్నాను.

సెలూనాయన కడ్డీ కింద పెట్టాడు. అప్పుడు ఆవిడే కొంగుతో ముఖం తుడుచుకుని అందరి వైపూ తిరిగింది. "పది రోజులు కుళాయి ఎవరూ ముట్టకండి. ముట్టినవాళ్ళ వేళ్ళు కత్తిరిస్తాను" అంది. కడ్డీ తీసుకుని పైకి పోయింది. నాకు మాత్రం నమస్కారం లేదు, తిట్టు లేదు. మళ్ళీ గోడే.

నీకు ఈ మాట ముందే రాస్తే నువ్వు రావని భయపడ్డాను. ఇన్ని కబుర్లు రాసింది అందుకే. కాయ కూడా లేదిప్పుడు. రమ్మని అడిగే ముఖమూ లేదు. ఈ ఉత్తరానికి జవాబు రాయనక్కర్లేదు.

నాన్న


నాన్నకి,

కవరు రెండు రోజులు బల్ల మీద ఉంచి తర్వాత విప్పాను.

ఏడూ పద్దెనిమిది. నా గడియారంలోనూ అంతే.

నేను ఆ రోజు బాల్కనీలో తల దువ్వుకుంటున్నాను. ఎనిమిది బస్సుకి పోవాలని మాటిమాటికీ గోడ గడియారం చూస్తున్నాను. పైనుంచి యార్డు కనిపిస్తుంది, నీకు గుర్తు లేదు. నువ్వు వంగడం చూశాను. కడ్డీ తిప్పడం చూశాను. సాయంత్రం జనంతో ట్యాంకు మాట చెప్పడం విన్నాను. అమ్మ పక్కన కూర్చుని నాతో కూడా అదే చెప్పావు, నా చెయ్యి పట్టుకుని. ఆ చెయ్యి విదిలించుకునే వచ్చేశాను.

తెలియక అడగలేదు నేను. నువ్వు చెబుతావా లేదా అని అడిగాను. ఏడేళ్ళు పట్టింది, అది కూడా గుమ్మడిపాదు పీకితే గానీ రాలేదు.

కోపం తగ్గిందనుకోకు. క్షమించానని ఎవరికీ చెప్పుకోకు. టీ ఇచ్చి ఊరంతా చాటకు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకి వస్తాను, సాయంత్రం వెళ్ళిపోతాను. ఉన్నంతసేపూ నిన్ను తిడతానేమో. ఆ మెట్లు మాత్రం ఎక్కను.

నీ కూతురు


నా తల్లికి,

ఇది పోస్టు చెయ్యలేదు. మెట్ల మొదట్లో కమ్మీకి కట్టి పెడుతున్నాను, నువ్వు అలవాటు కొద్దీ ఇటు వస్తే కనబడుతుందని. కట్టిన నీలం పీలిక నేను దాచుకున్నదే.

ఆగిపో ఇక్కడే. పైకి ఎక్కకు. కుర్చీ, ఫ్లాస్కు, నీ పాత దువ్వెన, మీ అమ్మ ఫోటో అన్నీ కిందికి తెచ్చేశాను. కుడి చేతి వైపు తిరిగితే తోట. మట్టి ఆరింది. పద్నాలుగు మడుల్లో తొమ్మిది చిగురేశాయి, నా మాట నమ్మకపోతే మాస్టారు లెక్క రాసి పెట్టుకున్నారు. సగం వరకూ తిప్పిన వాల్వు టైలరమ్మే వచ్చి తన చేత్తో తెరిచింది. నేను దూరం నుంచి ఎటు తిప్పాలో చెప్పాను. "నాకు తెలుసులే" అంది. తెలియదు. రెండుసార్లు మూసే వైపుకే తిప్పింది.

బోర్డు తీయలేదు. తియ్యొద్దని నేనే చెప్పాను. నా మడి ఖాళీగా ఉంది, తవ్వి పెట్టాను. గింజలు గట్టు మీద పొట్లంలో ఉన్నాయి. నీళ్ళు నువ్వే పోయాలి, నేను ముట్టకూడదు.

తిట్లు మొదలుపెట్టేటప్పుడు కాస్త దగ్గరికి వచ్చి గట్టిగా తిట్టు తల్లీ. ఒక్కటి కూడా పోకూడదు నాకు.

మీ నాన్న, తోటలో